సాయంత్రం దాకా సరిపడే సంకల్పం

గుడివాడ,
ఏకాదశి.

చిరంజీవి బుజ్జికి మీ అత్తయ్య దీవించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ మామయ్య మోకాలి నొప్పి తప్ప చెప్పుకోదగ్గ కష్టాలేమీ లేవు. ఇవాళ వంటింటికి సెలవు గనక ఉత్తరం రాసే తీరిక దొరికింది. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. అసలు సంగతి దగ్గరికొచ్చి ఆగిపోయింది. నేనూ గుచ్చి అడగలేదు. వచ్చే ఆదివారం నువ్వు బందరు వస్తావట. గడప దాటకుండా ఇంట్లోనే ఉండి, విశ్రాంతిగా కూర్చుని, జీవితం గురించి గట్టి నిర్ణయం ఒకటి తీసుకుంటావట. ఇంట్లో ఉండడం బాగుంది, విశ్రాంతి మరీ బాగుంది. ఆ మూడో మాట విన్నాకే నాకు నిద్ర పట్టలేదు.

గట్టి నిర్ణయమనగానే నాకు మీ తాతయ్య గుర్తొచ్చారు. ఆయన శ్రీకాకుళం ప్రయాణం నీకు కథగా తెలుసు. దోమల దగ్గరికి రాగానే ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. మిగతా సగం మాత్రం పిల్లలకెవరూ చెప్పలేదు.

శ్రీకాకుళమంటే ఉత్తరాన ఉన్న జిల్లా కాదు, మన ఘంటసాల దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. కళింగం మీదికి దండెత్తి పోతూ కృష్ణదేవరాయలు అక్కడ ఆగాడు. ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున ఆంధ్ర మహావిష్ణువు కలలోకి వచ్చి, సంస్కృతంలో చాలానే రాశావు, ఇక గోదాదేవి కథ తెలుగులో చెప్పు, వేంకటేశ్వరుడికి అంకితమియ్యి అన్నాడు. ఆముక్తమాల్యద మొదట్లో రాయలే ఈ సంగతి రాసుకున్నాడు. మీ తాతయ్య క్లాసులో ఆ ఘట్టం చెబుతుంటే గోల చేసే పిల్లలు కూడా నోరు మూసుకుని వినేవాళ్ళట.

చెప్పగా చెప్పగా ఆయనకే ఆశ పుట్టింది. ఒక ముక్కోటి ఏకాదశికి శ్రీకాకుళం వెళ్ళి, పస్తుండి, గుడి మండపంలో పడుకున్నారు. కల రాలేదు, దోమలొచ్చాయి. అయినా సరే, ఇంటికొస్తూనే దివిసీమ మీద మహాకావ్యం రాస్తున్నానని చెప్పారు. కోనేరు సెంటరు కాఫీ హోటల్లో చెప్పారు, బడిలో చెప్పారు, బంధువులందరికీ కార్డులు రాశారు. విశ్వనాథ వారు వేయిపడగలు నెల తిరక్కుండా ఆశువుగా చెప్పి రాయించారని బందర్లో చెప్పుకునేవాళ్ళు. ఆ లెక్కన తనకు ఏడాది ధారాళంగా చాలన్నారు. జీతం లేని సెలవు పెట్టారు. గట్టి అట్టల పుస్తకాలు కట్టలు కట్టలుగా తెచ్చారు.

ఆ పుస్తకాల డబ్బు, ఆ తర్వాత కొన్ని నెలల బియ్యం డబ్బు నా వీణది. నూజివీడులో చేయించిన పనస వీణ. పొద్దున్నే పెరట్లో నూతి గట్టు మీద కూర్చుని సాధన చేస్తుంటే పక్కింటి మామ్మగారు పాలు పొంగిపోయినా పట్టించుకోకుండా వినేది. వేళ్ళు కాయలు కట్టి, అప్పుడప్పుడే స్వరం నా మాట వింటోంది. దాన్ని రిక్షాలో ఎక్కించుకుపోతుంటే మీ నాన్న, అప్పటికి నిక్కర్ల పిల్లాడు, సందు చివరిదాకా వెంటబడి పరిగెత్తాడు.

ఏడాది గడిచింది. అవతారికలో కొన్ని పద్యాలు కుదిరాయి. మిగతా కాగితాలన్నీ తెల్లగానే ఉండిపోయాయి. నువ్వు చిన్నప్పుడు ఎక్కాలు రాసుకున్న ఆ బరువైన పుస్తకాలు అవే. మీ తాతయ్య సోమరి కాదమ్మా. ప్రతిభ లేనివాడూ కాదు. రాయకముందే ఊరంతా మెచ్చుకుంది, ఆ మెప్పుతోనే ఆకలి తీరిపోయింది. "రాయలు మాత్రం తెల్లారి సభలో చెప్పలేదా?" అని వాదించేవారు. చెప్పాడు. ఆరు ఆశ్వాసాలు రాశాడు కూడా. పైగా రాయలు ఆ ఊరు వెళ్ళింది కావ్యం కోసం కాదు. యుద్ధానికి పోతున్నవాడు దారిలో ఆగి, దేవుణ్ణి చూసుకుని, పస్తుండి పడుకున్నాడు. కావ్యం ఊసెత్తింది దేవుడు.

వ్రతానికి పీటల మీద కూర్చున్నప్పుడు పురోహితుడు చెప్పించే సంకల్పం ఎప్పుడైనా చెవిపెట్టి విన్నావా? సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం అన్నీ చెప్పిస్తాడు. కృష్ణకూ గోదావరికీ నడుమ ఉన్నామని చోటు చెప్పిస్తాడు. గోత్రమూ పేరూ చెప్పిస్తాడు. ఆయుష్షు, ఆరోగ్యం, ఐశ్వర్యం అంటూ కోరికలూ అందులోనే ఉంటాయి, కాదనను. కానీ అవి ఇవ్వడం దేవుడి వంతు. మనం చేస్తామని ఒప్పుకునేది ఒక్కటే, ఆ పూట ఆ పూజ. అదీ శక్తి ఉన్నంతలో. అంత కాలాన్నీ అంత దేశాన్నీ తలుచుకుని, చివరికి గంటలో అయ్యే పనికి నీళ్ళు వదులుతాం. పెద్దవాళ్ళకు మనిషి సంగతి బాగా తెలుసు.

నువ్వు గజ్జె కట్టిన విద్యలోనూ ఇదే ఉంది. కూచిపూడి కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడంటారు. గొప్ప నటుడు కమ్మనలేదు. ఒక్కసారి కట్టమన్నాడు. ఆ ఒక్కసారి పుణ్యమాని తరాల తరబడి భామాకలాపం నిలిచింది, నీలాంటి ఆడపిల్లల కాళ్ళ దాకా వచ్చింది.

పెళ్ళయ్యాక నేను అవనిగడ్డ పక్క పల్లెకు కాపరానికి వెళ్ళాను. 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన సంగతి మన ఇళ్ళల్లో కొత్తగా చెప్పుకోనక్కర్లేదు. వేలమంది పోయారు. చేలల్లో ఉప్పు, బావుల్లో ఉప్పు. మా అత్తగారు తోడబుట్టినవాళ్ళను పోగొట్టుకున్నారు. పొద్దున్నే దీపం ముందు నిలబడి పైకే అనేవారు: "ఇవాళ అన్నం కుండ దించేదాకా ఏడవను స్వామీ." కుండ దించి, అందరికీ పెట్టి, అప్పుడు పెరట్లోకి వెళ్ళి ఏడ్చేవారు. మర్నాడు మళ్ళీ అదే మాట. ఆవిడకు చదువు రాదు. దివిసీమ మీద మా నాన్న రాయలేకపోయిన కావ్యం నాకు ఆ పొయ్యి దగ్గరే గుర్తొచ్చేది.

ఈ కాలం వాళ్ళకు సెలవు కూడా ఉద్యోగమే అయింది. ధ్యానం చేస్తే ఫోటో కావాలి. దీక్ష మొదలుపెట్టకముందే స్టేటస్ పెట్టాలి. ఇవాళంతా ఫోన్ ముట్టుకోనని ఫోన్లోనే చాటింపు వేస్తారు. ఏడాదికి సరిపడా ఆశయాలు రంగురంగుల పెన్నులతో డైరీలో రాసుకుని, ఆ అలసటతో సోమవారం ఆఫీసుకు పోతారు. మనుషులే కాదు, నేల పనీ అలాగే ఉంది. ఇక్కణ్ణుంచి కైకలూరు వైపు వెళ్తుంటే వరిచేలుండే చోట ఇప్పుడు చేపల చెరువులే. ఆ నేలకు ఒళ్ళారబెట్టుకునే రోజంటూ లేదు.

మన మాగాణిలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలబడి ఉన్న చేలో మినుములు చల్లేవాళ్ళు, చూశావుగా. దున్నేది లేదు, నీళ్ళు పెట్టేది లేదు. వరి తాగగా మిగిలిన పదునూ, రాత్రి కురిసే మంచూ చాలు దానికి. సెలవు రోజు పుట్టే సంకల్పం ఆ మినుము లాంటిది. వారమంతా పనిచేసిన ఒంట్లో మిగిలిన పదును మీదే అది మొలవాలి. దానికోసం మళ్ళీ అరక కట్టావా, ఉన్న పదునూ ఆరిపోతుంది. నా మట్టుకు నేను ఏకాదశి మధ్యాహ్నం మా అమ్మ వేసిన ముగ్గుల్లో ఒకటి గుర్తు తెచ్చుకుని కాగితం మీద వేసి పెడతాను. గుర్తు రాకపోతే కృష్ణా రామా అనుకుంటూ పడుకుంటాను. రెండూ ఆ స్వామికే చెందుతాయి.

ఉపన్యాసం చాలు. చెప్పింది చెయ్యి.

శనివారం రాత్రి బందరు బండెక్కు. ఇంటికి చేరగానే పడుకో. నీ అంతట నువ్వు లేచేదాకా లేపొద్దని మీ అమ్మకు చెప్పాను. తలంటు పోయించుకో. ఉపవాసాలు నీకొద్దు, మొన్న వీడియోలో చూశాను, మొహంలో రక్తం లేదు. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ వేసుకుని కడుపునిండా తిను. ఫోన్ మీ నాన్న బీరువాలో పెట్టి తాళం తన దగ్గర ఉంచుకుంటాడు, మాట్లాడాను.

పొద్దు వాలాక అటక మీది గజ్జెల పెట్టె దించు. దేవుడి ముందు కూర్చో. తిథి తెలిస్తే చెప్పుకో, తెలియకపోతే ఊరి పేరూ నీ పేరూ చాలు. చిన్నప్పటి మొదటి అడుగులు, మొదటి కాలంలో, దీపాల వేళ దాకా చేస్తానని చెప్పుకో. మోకాళ్ళు ఒప్పుకున్నంత మేర చేసి ఆపెయ్యి. డైరీలో రాయకు. ఎవరికీ చెప్పకు, నాకు కూడా. తర్వాతి ఆదివారం హైదరాబాదులో నీ గదిలో అదే చెయ్యి.

ఇక డాన్సు స్కూలు పెట్టడానికి తెచ్చుకున్న ఆ బ్యాంకు కాగితాలు. మీ నాన్న కడుపులో మాట దాగదు, తెలుసుగా. ఆ రోజు వాటి మీద సంతకం పెట్టకు. రాజీనామా కూడా రాయకు. స్కూలు వద్దని నేననడం లేదు. సంక్రాంతి దాకా జీతం తెచ్చుకుంటూ ఆదివారాలు గజ్జె కట్టు. అప్పటికీ కాలు అడుగుతుంటే, అద్దె హాలు జోలికి పోకుండా ఎవరి వరండాలోనైనా నలుగురు పిల్లలకు నేర్పు. ఆ పిల్లలు మానకుండా వస్తూ ఉంటే నా దగ్గరికి రా. పోస్టాఫీసులో నా పేర ఉన్న డబ్బు ఇస్తాను. వడ్డీ అడగను, లెక్క అడుగుతాను. మీ అమ్మ గాజులు మాత్రం తాకట్టు పెట్టొద్దు. ఆవిడ సంతోషంగా తీసి ఇచ్చినా పుచ్చుకోవద్దు. వీణ అమ్ముతానని మా నాన్న అడిగినప్పుడు నేనూ సంతోషంగానే తలూపాను.

ఇట్లు,
మీ అత్తయ్య.

తా.క.: సున్నుండలు చేసి పంపుతున్నాను. నాకొద్దంటూ మీ నాన్న చేతిలో పెట్టకు, ఆయనకు షుగరు.