మెట్లు లేని గుంత

కర్ణాటకలోని బళ్లారి జిల్లా దోణిమలైలో, ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ టౌన్‌షిప్‌లో ఒక తాత, ఒక మనవడు. తాతది అనంతపురం వైపు. 1977లో అక్కడ ఇనుప గని మొదలైన కొత్తలో వచ్చి డంపర్ ఎక్కాడు, రిటైరయ్యేదాకా దిగలేదు. ఇప్పుడు కొడుకుదీ అదే గనిలో డ్యూటీ.

మనవడికి ఫోను చేతికొస్తే మైన్‌క్రాఫ్ట్. ఆ ఆటలోనూ గని పనే. చెక్క పికాసుతో ఇనుపరాయిని కొడితే రాయి పగులుతుంది గానీ ఇనుము చేతికి రాదు, రాతి పికాసు ఉండాలి. తెచ్చిన ఖనిజాన్ని కొలిమిలో పెట్టి బొగ్గు వేస్తే కడ్డీ అవుతుంది. ఇది విని తాత మెచ్చుకున్నాడు కూడా: “పర్వాలేదే, ఆట చేసినోనికి పని తెలుసు.”

ఒకరోజు వాడు వజ్రాల మీద ఆశతో నిలబడ్డ చోటే కాళ్ల కింద తవ్వుకుంటూ పోయాడు. వజ్రాలు దొరికాయి. సంచి నిండా ఇనుము. ఇంకా ఉన్నాయేమోనని ఇంకో గడి తవ్వాడు, కింద లావా. ఆటలో మనిషి మళ్లీ పుడతాడు, లావాలో పడ్డ సరుకు మాత్రం తిరిగి రాదు.

“అంతా పోయింది తాతా!”

“ఎట్ల తవ్వినావురా?”

“నిట్టనిలువుగా. తొందరగా అవుతాదని.”

“మరి పైకెట్ల రావాలనుకున్న్యావు?”

వాడి దగ్గర జవాబు లేదు.

మర్నాడు తాత వాణ్ని స్కూటర్ మీద గని కనిపించే మలుపు దాకా తీసుకెళ్లాడు. ఎర్రటి కొండ, అంచెలంచెలుగా కోసి ఉంది.

“వాటిని బెంచీలంటారు. పైది తీసినాకే కిందిది. షవల్ దిగే ముందే డంపర్ లోడుతో తిరిగొచ్చే రోడ్డు పడాల.”

“ఆ రోడ్డుకు ఎంత రాయి తీయాల తాతా?”

“శానా. దాంట్లో ఇనుము కూడా ఉండదు.”

“అంటే వేస్టే కదా?”

“నీ వజ్రాలేవిరా?”

నీతి: దిగకముందే తిరిగొచ్చే దారి వేసుకోవాలి. దానికయ్యే ఖర్చు దండగ కాదు, పనిలో భాగం.

ఈ నీతి పిల్లలకన్నా పెద్దలకే ఎక్కువ అక్కరకొస్తుందని నా అనుమానం. అడ్డగోలు తవ్వకాల వల్ల 2011 జులైలో సుప్రీంకోర్టు ఇదే బళ్లారి జిల్లాలో ఇనుప గనుల తవ్వకం ఆపేసింది. ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడకుండా ఎన్‌ఎండీసీని మాత్రం నెలకు 10 లక్షల టన్నులు తవ్వుకోనిచ్చింది. 2013 ఏప్రిల్‌లో, బాగా హద్దు మీరి తవ్విన ‘సి’ వర్గం లీజులను రద్దే చేసింది. మిగతావాళ్లు కూడా మట్టి కుప్పలు జారిపోకుండా కట్టడి చేసి, పాడైన నేలను బాగుచేసే ప్రణాళికకు తలొగ్గాకే గనిలో మళ్లీ అడుగుపెట్టారు. మొదట మిగుల్చుకున్నామనుకున్న ఖర్చు అలా వేరే దారిలో వచ్చి నెత్తిన పడింది. ఇంటి అప్పయినా, వ్యాపారమైనా, ఉన్న ఉద్యోగం మానేసి కొత్తది వెతుక్కోవడమైనా లెక్క ఇదే. వచ్చేదెంతో చూసుకుంటాం, బెడిసికొడితే బయటపడేదెలాగో చూసుకోం.

మైన్‌క్రాఫ్ట్‌లో ఒక సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేస్తే చచ్చినా సంచిలో సరుకు పోదు. (2011కి ముందు బళ్లారిలో కొందరు అది తమకు ఆన్‌లోనే ఉందనుకున్నట్టున్నారు.) మన కథలో పిల్లాడికి అది ఆఫ్‌లో ఉంది కాబట్టి తాత మాట చెవికెక్కింది, లేకపోతే మలుపు దాకా స్కూటర్ పెట్రోలు దండగయ్యేది. పిల్లలు ఆటలతో పాడైపోతున్నారని వాపోయే తల్లిదండ్రులతో నాకు పేచీ లేదు. రోజుకెన్ని గంటలు ఆడుతున్నావని అడిగేటప్పుడు, ఆ సెట్టింగ్ ఎలా పెట్టుకున్నావని కూడా ఒక మాట అడగమంటాను.