మ్యూజియం ఎవరికి జవాబుదారి?

ఒకప్పుడు మద్రాసులో సామాన్య జనం మ్యూజియాన్ని తమ మాటల్లో ‘చచ్చిన కాలేజీ’ అనీ, జంతుశాలను ‘బతికిన కాలేజీ’ అనీ పిలుచుకునేవారు. యిది చదువురానివారి అమాయకత్వమని నవ్వి వూరుకోవటం పండితులకు అలవాటు. నా దృష్టిలో మాత్రం అది విమర్శే. తమ బతుకుతో సంబంధం తెగిపోయిన వస్తువుల్ని చూసి, యిక్కడ వున్నది చావు అని జనం తేల్చి చెప్పారు.

జమ్మలమడుగు దాపున, పెన్న ఒడ్డున, దానవులపాడు వుంది. ఇసుకలో పూడిపోయిన అక్కడి జైనాలయాన్ని 20వ శతాబ్ది తొలి ఏళ్ళలో పురావస్తుశాఖ అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించాడు. రాష్ట్రకూటుల నాటి శిల్పాలు కొన్ని మద్రాసు మ్యూజియం చేరాయి. అప్పుడు కడప జిల్లా మద్రాసు రాజధానిలో భాగం కనుక దీన్ని దొంగతనమనటానికి వీల్లేదు. అవి అక్కడ పదిలంగా వున్న మాటా నిజమే. యిక్కడే వుండివుంటే ఏ బావిగట్టునో బట్టలుతికే బండలయ్యేవని ఎవరైనా అంటే కాదనలేను.

అయితే పదిలపరచటం ఒక్కటే మ్యూజియం ధర్మమా? తాకట్టుకొట్టు కూడా వస్తువును పదిలంగానే వుంచుతుంది. బంగారు వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో యీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. సొంతదారు వచ్చి అడిగే హక్కు వున్నంతకాలమే అది తాకట్టు. ఆ హక్కు పోతే సొత్తు చేతులు మారినట్టే.

తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి కనుక కలమళ్ళ శాసనం సంగతి ఏటా తరగతిలో వస్తుంది. 6వ శతాబ్దిలో రేనాటి చోళ ధనంజయుని కాలాన వేసిన యీ శాసనాన్ని, దొరికినంతలో తొలి తెలుగు శాసనంగా పండితులు ఎంచుతున్నారు. విద్యార్థుల కళ్ళలో వెలుగు కనిపించేది రాజు పేరు విన్నప్పుడు కాదు. ఆ రాతిమీద వున్నది తమ భాషేనని తెలిసినప్పుడు. మనిషి తనను తాను చూసుకోగలిగినప్పుడే పాతరాయికి ప్రాణం వస్తుంది.

ప్రపంచం యీ సంగతి ఆలస్యంగానైనా గుర్తించింది. మ్యూజియం తన చుట్టూ వున్న సమాజపు సమస్యల్లో పాలుపంచుకోవాలని 1972లో చిలీ రాజధాని శాంటియాగోలో సమావేశమైన నిపుణులు అన్నారు. ప్రజా సముదాయాల భాగస్వామ్యమన్న మాట అంతర్జాతీయ మ్యూజియం మండలి నిర్వచనంలో చేరటానికి 2022 దాకా పట్టింది.

మన జిల్లాలో యిది పుస్తకాల చర్చ కాదు. గండికోటలో పెమ్మసానివారి కోట, మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం వున్నాయి. వాటిని కాపాడటానికి కేంద్ర పురావస్తుశాఖ వుంది, వుండవలసిందే. ఆ కోటకు దాపునే, గాలేరు-నగరి పథకం కింద, సుమారు 27 టీఎంసీలు పట్టే జలాశయం కట్టారు. కొండాపురం మండలంలో ఊళ్ళు మునిగాయి. 2020లో నీటిమట్టం పెంచుతూంటే, పరిహారమూ పునరావాసమూ పూర్తికాకుండా ఎట్లా పొమ్మంటారని తాళ్ళప్రొద్దుటూరు జనం ఆందోళనకు దిగారు. రాజుల రాతికి రక్షణచట్టం వుంది. రైతు గడపకు వున్నది పరిహారపు లెక్క ఒక్కటే.

ఆ జలాశయం నుంచి ఎత్తిపోసే నీళ్ళు పులివెందుల వైపు పొలాలకూ చీనీతోటలకూ పోతాయి. నీళ్ళు వద్దని నేననను. 1876-77 నాటి ధాత కరువును చూసిన సీమలో నీటిని కాదనే మనిషి వుండడు. కాని ఒకరి గొంతు తడపటానికి మరొకరి గడప మునిగినప్పుడు, ఆ గడప ఎవరిదో తడిసిన గొంతుకు తెలియవద్దా?

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట వుండేది. 1966లో ప్రభుత్వం దాన్ని తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి, తర్వాతి ఏళ్ళలో సుమారు 60,000 మందిని వెళ్ళగొట్టి ఇళ్ళు కూల్చింది. 1994లో ఒక పాత చర్చిలో అక్కడ మ్యూజియం తెరిచారు. నేలమీద పేట పటం పరిస్తే, వెళ్ళిపోయినవారు వచ్చి తమ ఇల్లు వున్నచోట తమ పేర్లు రాశారు. జాత్యహంకారమూ ఆనకట్టా ఒకటి కావు. కాని పోయిన ఇంటి పేరు తన చేత్తో రాసుకునే హక్కు రెండుచోట్లా ఒకటే.

అటువంటి పటం మనకూ కావాలి. అది జమ్మలమడుగులో వుంటే నిర్వాసితులకు ఓదార్పు. పులివెందులలోనూ వుంటే, నీరు అందుకున్నవారికి ఋణపత్రం. మ్యూజియం నైతిక బాధ్యత యీ రెండోచోటనే తేలుతుంది. 1982లో వెలసిన కడప ప్రభుత్వ మ్యూజియమైనా యీ పనికి పూనుకోవచ్చు.

ఒక ప్రమాదం లేకపోలేదు. జ్ఞాపకం న్యాయానికి బదులు కాకూడదు. ప్రొద్దుటూరు మగ్గాన్ని అద్దాలగదిలో నిలబెట్టి, నేసినవాణ్ణి అప్పులపాలు చేస్తే అది గౌరవం కాదు, కర్మకాండ. మునిగిన ఊరి పటం గోడకెక్కిందని మిగిలిన పరిహారం ఫైలు మూసేస్తే, అటువంటి మ్యూజియం లేకపోవటమే మేలు. అందుకే దాని నిర్వహణలో నిర్వాసితులకూ నేతపనివారికీ కుర్చీ వుండాలి. ఏది చూపాలో, ఏ బాకీ యింకా తీరలేదో గోడమీద రాసే అధికారం వారికి వుండాలి.

వస్తువుల్ని దాచటం సులభం. వాటిని యిచ్చినవారి ప్రశ్నలకు తలుపు తెరిచి వుంచటం కష్టం. ఆ కష్టానికి సిద్ధపడని మ్యూజియానికి, ఎంత కొత్త భవనం కట్టినా, మద్రాసు జనం పెట్టిన పాతపేరే తగుతుంది.