పట్టుకుని ఎదురుచూడకు

అమ్మలూ,

కెర్నల్ స్టోరేజీ టీములో చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. డెడ్‌లాక్‌కి కాఫ్‌మన్ బృందం 1971లో చెప్పిన నాలుగు షరతులూ కాలేజీలో అప్పజెప్పే ఉంటావు. కానీ ఉద్యోగంలో ఎదురయ్యే డెడ్‌లాక్ పుస్తకంలోలా రెండు డబ్బాలు, రెండు బాణాల రూపంలో రాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

లినక్స్‌లో నిజంగా ఉండిన చిక్కు ఒకటి చెప్తాను. యూఎస్‌బీ డిస్కు మీద ఏదో రాస్తుండగా అది మొరాయిస్తుంది. కెర్నల్ దాన్ని రీసెట్ చేయబోతుంది. రీసెట్ చేసే కోడ్‌కి కాస్త మెమరీ కావాలి, అడుగుతుంది. మెమరీలో ఖాళీ లేదు. ఖాళీ చేయాలంటే ఇంకా డిస్కుకి చేరని పేజీలను రాసెయ్యాలి. ఏ డిస్కుకి? రీసెట్ కోసం ఆగి ఉన్న ఆ డిస్కుకే! పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు అంతా అక్కడే ఆగిపోతుంది.

చూశావా, ఇక్కడ రెండు లాకులు తారుమారుగా తీసుకున్నవాళ్లెవరూ లేరు. ఒకరు మెమరీ అడిగారు, అంతే. మన పనిలో మెమరీ అడగడమంటే ఒక్కోసారి డిస్కు కోసం ఎదురుచూడటమే. 2013లో 3.9 వెర్షన్‌లో మెమ్‌అల్లాక్_నోఐఓ_సేవ్ వచ్చింది ఇందుకే. ‘ఈ పని అయ్యేదాకా నాకోసం మెమరీ వెతికేటప్పుడు డిస్కు జోలికి పోవద్దు’ అని ఆ టాస్కు ముందే చెప్పిపెడుతుంది. అప్పుడు కెర్నల్ రాయాల్సిన అవసరం లేని పేజీలతోనే సర్దుకుంటుంది. ఫైల్ సిస్టమ్ వాళ్లకు ఇలాంటిదే 2017లో 4.12తో వచ్చింది. అలాగని కనిపించిన ప్రతిచోటా దాన్ని తగిలించకు. మెమరీ దొరికే దారులు ఇరుకవుతాయి. అవసరమున్న చోటే పెట్టు, ఎందుకు పెట్టావో పక్కన రాయి.

ఇలాంటిదాన్ని ఉత్త బగ్గేలే అని తీసిపారేయకు. ఇరుక్కున్న ప్రాసెస్ ‘డి’ స్థితిలో ఉంటుంది, కిల్ మైనస్ 9 కొట్టినా కదలదు. ఆ డిస్కు ముట్టుకున్న ప్రతిదీ దాని వెనకే వరుస కడుతుంది. మామూలు యూజర్ కావాలని ఆ పరిస్థితి తెప్పించగలిగితే, ఒక్క ఫైలూ దొంగిలించకుండానే సర్వర్‌ని పడుకోబెట్టేస్తాడు. అందుకే అది భద్రతాలోపం. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ బృందమే తన లోపాలకు సీవీఈ నంబర్లు ఇచ్చుకుంటోంది. ఆ జాబితాలో డెడ్‌లాక్‌లు బోలెడు.

ఇంగో మోల్నార్ 2006లో తెచ్చిన లాక్‌డెప్‌ని నీ టెస్టు మెషీన్‌లో ఎప్పుడూ ఆన్‌లో ఉంచు. ఒక దారిలో ముందు ‘ఎ’ తర్వాత ‘బి’, ఇంకో దారిలో ముందు ‘బి’ తర్వాత ‘ఎ’ కనబడితే చాలు, మెషీన్ ఆగకముందే అరుస్తుంది. కానీ ఎదురుచూపులన్నీ దాని కంటపడవు. అందుకని ఎక్కడైనా ఆగే ముందు కాగితం మీద రాసుకో: నా చేతిలో ఏముంది, ఎవరికోసం ఆగుతున్నాను, వాళ్లు ఎవరికోసం ఆగుతారు? ఆ వరుస తిరిగి నీ దగ్గరికే వచ్చిందంటే ఆ ప్యాచ్ పంపకు.

టాస్కు 120 సెకన్లకు మించి ఆగిపోయిందని లాగ్‌లో కనబడగానే రీబూట్ కొట్టే అలవాటు చేసుకోకు. సిస్‌ఆర్‌క్యూ ‘డబ్ల్యూ’తో ఆగిన టాస్కులన్నిటి స్టాక్‌లూ తీసి, ఆ తర్వాతే మెషీన్ మీద చెయ్యి వెయ్యి. మొదట మొరపెట్టుకున్న టాస్కే దోషి అనుకోకు, చాలాసార్లు అది బాధితురాలే. టైమౌట్ పెట్టి చేతులు దులుపుకోకు, చిక్కు అలాగే ఉండి ఇంకోరోజు బయటపడుతుంది. మెమరీ బాగా తగ్గించి, రాస్తుండగా డిస్కు లాగేసి పరీక్షించు. ఇలాంటివి అలాంటప్పుడే బయటికొస్తాయి.

‘ఇది కోటికొక్కసారి జరిగేది’ అని రివ్యూలో సీనియర్ ఎవరైనా అంటే మర్యాదగానే, గట్టిగా అడుగు: కావాలని జరిపించేవాడికి అది ఎన్నిసార్లండీ? కొత్తదాన్నని నోరు కట్టుకోకు. ఆ ప్రశ్న అడగడానికి అనుభవం అక్కర్లేదు.

దసరాకి రా, మిగతావి ఇంట్లో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మామయ్య