గుంపు లేని యాత్ర

చదువుడి: ఎజ్రా 8వ అధ్యాయము



శనక్కాయ పెరికే పనులు ముగిసిన తరువాత ఒక సాయంకాలము మా సంఘపు యౌవనస్థుడొకడు మాయొద్దకు వచ్చెను. "అయ్యగారూ, నేనూ నా భార్యా యెరూషలేము పోవల్లని అనుకుంటాండాము. ఏ గుంపుతోనూ పోము. మా అంతకు మేమే పోయొస్తాము. తప్పా?" అని అడిగెను.

తప్పు కాదని వెంటనే చెప్పలేకపోతిమి. కర్నూలు, కడప ప్రాంతములనుండి పరిశుద్ధ దేశమునకు పోయినవారిలో మేమెరిగినవారందరు గుంపులుగానే పోయిరి. 2019లో మన రాష్ట్ర ప్రభుత్వము యాత్రికులకిచ్చు సహాయమును, సంవత్సరాదాయము మూడు లక్షల లోపువారికి, 60,000 రూపాయలకు పెంచినప్పుడు కొన్ని గ్రామములలో పేర్లు వ్రాయించుకొనుటకు తొందర పుట్టెను. గుంపులో అన్నము, బస, బస్సు అన్నియు మరియొకరు చూచుకొందురు. దానిని విడిచి పోవువానిని చూచి, వీనికి మాత్రము ప్రత్యేకమా, సహవాసము చేదైనదా అని మనము గొణుగుదుము. మేమును గొణిగినవారమే.

అయితే గుంపు సంగతి మాకు తెలియనిది కాదు. ఒకసారి మేమును గుంపుతో ఆ దేశమునకు పోతిమి. తలలు లెక్కించు పని మాదే. గలిలయ సముద్రతీరమున బస్సు ఎక్కునప్పుడు ముందు సీట్లనుండి లెక్క మొదలుపెట్టి, వెనుకవారు "అందరూ వచ్చినారు" అనగానే నమ్మి మానితిమి. యోసేపు మరియలు చేసినదియు ఇదియే గదా. బాలుడు బంధువులలో నెక్కడనో ఉన్నాడని తలంచి ఒక దిన ప్రయాణము సాగిపోయిరి (లూకా 2:44). ఇరువది నిమిషములు పోయిన తరువాత మా ఊరి అవ్వ ఒకామె బస్సులో లేదని తెలిసెను. గుండె జారిపోయెను. వెనుకకు తిరిగి పోయి చూడగా, ఆమె నీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చొని యుండెను. "భయపడితివా అవ్వా?" అంటిమి. "యాల భయం? ఈడికొచ్చినాంక ఇప్పుడే రొంతసేపు ఊరికె కూచున్న్యా" అనెను.

ఆ మాటను మా తప్పునకు సాకుగా చేసికొనలేము. అయినను అన్ని దినములు ఆమెను తొందరపెట్టి నడిపించినది మేమే. అందరు ఉన్నచోట ప్రతివాడును కావలి మరియొకడు కాయుచున్నాడనుకొనును.

ఎజ్రా బబులోనునుండి బయలుదేరునప్పుడు త్రోవలో కాపుదలకై సైనికులను, రౌతులను రాజునొద్ద అడుగుటకు సిగ్గుపడెను. తన దేవుని హస్తమును గూర్చి రాజుతో ముందే చెప్పి యుండెను. తరువాత నెహెమ్యా యెరూషలేమునకు పోయినప్పుడు రాజు తాకీదులు అడిగి పుచ్చుకొనెను. సైనికులును రౌతులును అతనితో వెళ్లిరి. వాక్యము వీరిలో ఒకరిని మెచ్చి మరియొకరిని గద్దించలేదు. సెమినరీలో మేము ఈ భేదమును విశ్వాసపు హెచ్చుతగ్గులుగా చదువుకొంటిమి. ఇప్పుడు మాకు అట్లు తోచదు. కాపుదల వద్దన్న ఎజ్రా కన్నులు మూసికొని పోలేదు. అహవా నదియొద్ద ఉపవాసముండెను. వెండి బంగారములను తూచి, యాజకులలో పండ్రెండుగురిని ఏర్పరచి వారికి అప్పగించెను. యెరూషలేములో మరల తూచి, బరువంతయు వ్రాయించిరి. అతడు సైనికులను వదలెను గాని త్రాసును వదలలేదు.

గుంపు నాయకుని వద్దన్నవాడును అతని త్రాసును తానే పట్టుకొనవలెను. ఈ సంగతినే ఆ యౌవనస్థునితో మాటలాడితిమి. మొదటిది పాస్‌పోర్టు. దాని గడువు ఇంకను ఆరు నెలలైనను ఉన్నదా? అది ఎవరి చేతిలో ఉండును? కడప జిల్లానుండి కువైటుకు ఇంటిపనికి పోయిన మన అక్కచెల్లెండ్రను అడుగుడి. పాస్‌పోర్టు యజమాని పెట్టెలో ఉన్నప్పుడు మనిషి బ్రదుకు ఎట్లుండునో వారెరుగుదురు. రెండవది మాట. యాత్రకని వ్రాసియిచ్చి అక్కడ పనికి ఆగిపోవు తలంపు మనస్సులో మూలనైనను ఉన్నయెడల ఇక్కడనే ఒప్పుకొనుము అంటిమి. అతడు నవ్వెను గాని మేము నవ్వలేదు. మూడవది, 2023 అక్టోబరులో అక్కడ యుద్ధము మొదలైన తరువాత ఆ దేశ ప్రయాణమును గూర్చి మన ప్రభుత్వము హెచ్చరికలు ఇచ్చెను. బయలుదేరు ముందు అట్టివాటిని చదివి, అవసరమైతే ఒక సంవత్సరము ఆగుటకు సిద్ధమేనా? చదువక టిక్కెట్టు కొనుట విశ్వాసమనిపించుకొనదు.

చిన్న సంగతులును కలవు. శుక్రవారము ప్రొద్దుగ్రుంకు వేళనుండి శనివారము చీకటిపడువరకు విశ్రాంతిదినము గనుక యెరూషలేములో యూదుల బస్సులు నడువవు. బేత్లెహేము తొమ్మిది కిలోమీటర్ల దూరమే యైనను పాలస్తీనా అధికారమునకు చెందినది; తిరిగివచ్చునప్పుడు తనిఖీ స్థలమున పాస్‌పోర్టు చూపవలెను. గుంపులో పోయినప్పుడు ఇవి మేము తెలిసికొననైన లేదు! ఇక ఖర్చు: గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనును. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ముతో పోవు యాత్ర తిరిగి వచ్చిన తరువాతనే మొదలగును.

పౌలు త్రోయనుండి అస్సుకు తోడివారిని ఓడ ఎక్కించి తాను నేలమీదనే పోయెను (అపొ. కార్యములు 20:13). ఎందుకో లూకా వ్రాయలేదు. ఒంటరిగా నడువగోరెనేమో. అయితే ఎక్కడ కలిసికొనవలెనో వారికి తెలిసియుండెను. 1903లో తెలుగు బాప్తిస్టుల హోమ్ మిషన్ సంఘము జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలులో తెలుగువారి మధ్య సేవకు పంపినప్పుడును, సముద్రము దాటినవారు కొద్దిమందియే గాని పంపినవారు అనేకులు.

కాబట్టి, "పొమ్ము, నీవు ఏ దినమున ఎక్కడ ఉందువో ఇక్కడ ఇద్దరికి వ్రాసియిచ్చి పొమ్ము" అంటిమి. మరుసటి వారము అతడు చీటీ తెచ్చెను. దినములు, బసలు, ఫోను నంబర్లు, రూపాయి రూపాయికి లెక్క, అన్నియు చక్కగా వ్రాసియుండెను. పశువులను ఎవరు మేపుదురో కూడ వ్రాసెను. అతని తల్లికి రెండేండ్లనుండి కన్నులు సరిగా కనబడవు. ఆ పండ్రెండు దినములు ఆమెకు అన్నము ఎవరు పెట్టుదురో చీటీలో లేదు. మేము చీటీని తిప్పి వెనుక ప్రక్కయు చూచితిమి. అతడు గ్రహించి, చీటీ తీసికొని, మాటలాడక ఇంటికి పోయెను. ఇంకను మరల తేలేదు.