పొగాకు పన్నుతో పసిబిడ్డల వైద్యం

అమెరికాలో నిరుపేద పిల్లలకు మెడికెయిడ్ ఉంది. స్థితిమంతులు సొంతంగా ఇన్సూరెన్సు కొనుక్కుంటారు. మరి నడుమనున్న వారి పిల్లల సంగతేమిటి? వారి కోసమే 1997లో ప్రభుత్వ బాలల ఆరోగ్య బీమా పథకం మొదలయింది. దాన్ని విస్తరించే బిల్లులను 2007లో అధ్యక్షుడు బుష్ రెండుసార్లు తిప్పికొట్టారు. 2009లో ఒబామా సంతకం చేశారు. ఖర్చు కోసం సిగరెట్ ప్యాకెట్టు మీద పన్ను 39 సెంట్ల నుంచి సుమారు ఒక డాలరుకు పెరిగింది.

హానికరమైన వస్తువు మీద పన్ను, పసిబిడ్డకు మందు! వినడానికి బాగానే ఉంది. కాని కాస్త ఆలోచిద్దాం. పన్ను పెరిగితే పొగతాగేవారు తగ్గాలి. మనం కోరేదీ అదే. వారు తగ్గితే రాబడీ తగ్గుతుంది. అప్పుడు బిడ్డ జ్వరానికి ఎవరు పూచీ? ఒకరు వ్యసనం మానకపోతేనే మరొకరి బిడ్డకు వైద్యం అందడం ఎక్కడి న్యాయం? పన్ను వద్దని మేమనడం లేదు. ఇంకా పెంచినా మాకు సంతోషమే. అయితే బిడ్డ వైద్యం ఖజానా తీర్చవలసిన బాకీ. ‘ఫలానా పద్దులో డబ్బు రాలేదు’ అని బాకీదారుడు చెబితే మనం ఊరుకుంటామా?

2017 సెప్టెంబరు 30న ఆ పథకం నిధుల గడువు తీరిపోయింది. దీర్ఘకాలానికి మళ్ళీ మంజూరయ్యేసరికి 2018 జనవరి వచ్చింది. ఈలోగా కొలరాడో రాష్ట్రంలో, బీమా ఆగిపోవచ్చునంటూ తల్లిదండ్రులకు ఉత్తరాలు కూడా వెళ్ళాయి.