వాయించు చేతికి ధర్మము కలదా?

సంగీతరచన ఒకరిది, దానిని వినిపించువారు మఱియొకరు. వినిపించువారికి ఎంత స్వాతంత్ర్యము ఉండవచ్చును? తమ చేతినేర్పును ప్రదర్శించుటలో దోషము కలదా? ఇది సంగీతశాస్త్రమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ఒకరి సొత్తును మఱియొకరు చేతబట్టినపుడెల్ల పుట్టు ధర్మప్రశ్న.

ఈ విచారమునకు పియానో మంచి ఉదాహరణము. అది మనకు పరాయి వాద్యమని తలంపరాదు. మైసూరు మహారాజుగా నుండిన జయచామరాజ ఒడెయరు (1919–1974) గారు పియానోను శ్రద్ధతో అభ్యసించినవారు. రష్యాదేశీయుడైన నికొలాయ్ మెట్నర్ లండనులో నివసించుచున్న కాలమున, ఆయన రచనలు రికార్డులుగా వెలువడుటకు ధనసహాయము చేసినవారు వీరే. మెట్నర్ తన మూడవ పియానో కాంచెర్టోను వీరికి అంకితమిచ్చెను. ఆ ప్రభువులే కర్ణాటక పద్ధతిలో సంస్కృతకృతులను రచించిరి. మన బాగేపల్లి, చింతామణి తాలూకాలు నాటి మైసూరు సంస్థానములోనివే గదా!

పియానోలో శ్రుతి స్థిరము. వీణతీగను లాగినట్లు లాగి గమకము పలికింప వీలులేదు. మీటను నొక్కగా లోపలి సుత్తి తీగను కొట్టును. నాదము పుట్టిన క్షణమునుండి క్షీణించును. స్వరములన్నియు రచయిత కాగితముమీద వ్రాసియే యుంచెను. ఇక వాదకునికి మిగిలినది ఒత్తిడి, వేగము, విరామము, కాలితో త్రొక్కు పెడలు, ఇంతే. ఈ కొంచెములోనే ఎంత భేదమో చూడుడు. కెనడా దేశీయుడు గ్లెన్ గూల్డ్, బాహ్ రచించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్సును 1955లో నొకసారి, 1981లో నొకసారి రికార్డు చేసెను. అందలి ప్రారంభగీతము మొదటిసారి రెండు నిమిషములలోపు ముగిసెను. రెండవసారి మూడు నిమిషములు దాటెను. స్వరములు అవే, వ్రేళ్ళు అవే; భావము వేఱు. కావున ‘వ్రాసినది వ్రాసినట్లు వాయించుట’ అను మాటకు ఒకే అర్థము లేదు.

అట్లని ఏమి చేసినను చెల్లునా? కాంచెర్టోలలో కాడెన్జా అను తావున వాదకుడు తన కల్పనను చూపుట పూర్వాచారము. బేతోవెన్ 1809లో రచించిన ఐదవ కాంచెర్టోలో, ఇచట కాడెన్జా చేయరాదు, తాను వ్రాసినదే వాయింపవలెనని ఆదేశించెను. రచయిత తలుపు తెఱచినచోట ప్రవేశింపవచ్చును. మూసినచోట గోడ దూకరాదు. మన కృతులలో నెరవలు, స్వరకల్పన తెఱచిన తలుపులు. వేగముకొఱకు సాహిత్యపుమాటను విఱుచుట గోడ దూకుట.

నైపుణ్యమును నిందించుట నా యుద్దేశ్యము కాదు. తడబడు వ్రేళ్ళ వినయము ఎవరికి ఉపకరించును? ఫ్రాంజ్ లిస్ట్ (1811–1886) అసాధారణమైన చేతివేగమునకు పేరొందినవాడు. ఆ చేతులతోనే అతడు బేతోవెన్ సింఫనీలు తొమ్మిదింటిని ఒక్క పియానోమీద పలుకునట్లు మార్చి వ్రాసెను. నేర్పు అచట పరుల సొత్తును పదిమందికి చేర్చినది.

కచేరీలో గుమాస్తాగా జీవితము గడపిన నాకు ఒక పోలిక తోచుచున్నది. చదువురాని రైతుకు నోటీసు చదివి వినిపించునపుడు గొంతు గుమాస్తాది, కాగితము సర్కారుది, అర్థము కావలసినది రైతుకు. గడగడ చదివినచో చదివినవాని చదువు తెలియును. కట్టవలసిన గడువు తెలియదు. తేదీని, మొత్తమును నిలిపి, నొక్కి చదువుట వ్యాఖ్యానమే, ధర్మమే. లేని మాటను చేర్చుట ద్రోహము.

ఇది మన యిండ్ల విషయము కూడ. కైవారము యోగి నారేయణ యతీంద్రులు తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించిరి. మన పిల్లలు బడిలో కన్నడము చదువుచు, తెలుగుపాటను కన్నడలిపిలో వ్రాసికొని నేర్చుచున్నారు. అందు తప్పులేదు, లిపి పాత్రవంటిది. కాని పదము ఎచట ముగియునో ఎఱుగనివారికి ఊపిరి ఎచట తీయవలెనో తెలియదు. తాళము తప్పదు, చప్పట్లు మ్రోగును. మాట మాత్రము రెండు ముక్కలగును. విన్న తరువాతి తరము ఆ ముక్కలనే పాటయని నేర్చుకొనును.

కావున పిల్లలకు రెండవకాలము నేర్పుటకు ముందు, ఇంటిలోని అవ్వనో తాతనో ప్రక్కన కూర్చుండబెట్టి పాటలోని ప్రతిమాటకు అర్థము చెప్పింతము. అర్థము తెలిసిన గొంతు ఎంత వేగముగ పరుగెత్తినను మాటను త్రొక్కదు.