వణకెడి చేయి – వంశమర్యాద

సత్యము పలుకుట ధర్మమని యెల్లరు నొప్పుకొందురు. గాని కన్యను చూచుటకు వరునివారు వచ్చిన దినమున ఆ ధర్మము మన వీధిగడప దాటి లోనికి రాదు. ఆనాడు ఇంటిలోని లోపములన్నియు దొడ్డివైపునకు చేర్చబడును. విరిగిన కుర్చీలతోపాటు రోగులును అచ్చటికే పంపబడుదురు. ఇది తప్పని చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయబూనితిమి. అయితే ఒకప్పుడు మేమును ఇట్లు చేయుమని సలహా చెప్పినవారమే యని ముందుగా నొప్పుకొనుట న్యాయము.

రాజోలునకు సమీపమున, వైనతేయ తీరమందలి యొక గ్రామమున మా మిత్రులొకరు కలరు. చిరకాలము పిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి పొందినవారు. నల్లబల్లపై వారి వ్రాత ముత్యములు పేర్చినట్లుండెడిది. అరువదవ యేట వారి కుడిచేయి ఊరకున్న వేళల వణకజొచ్చెను, అక్షరములు చీమలబారువలె చిన్నవయ్యెను, నడక మందగించెను. వైద్యులు పరీక్షించి పార్కిన్‌సన్ వ్యాధి యనిరి. పెద్దకుమార్తెకు అమలాపురము నుండి సంబంధము వచ్చినప్పుడు, "చేతిని ఉత్తరీయములో దాచుకొని కూర్చుండుడు" అని మేము వారికి చెప్పితిమి. వారు మా మాట మన్నించిరి. గాని అతిథులతోపాటు కాఫీగ్లాసు అందుకొనక తప్పినది కాదు. గ్లాసు వణకెను, కాఫీ పంచెపై నొలికెను. మూడవ దినమున కొత్తపేట మధ్యవర్తి వచ్చి, "మీ యింట వాతమున్నదట, అది వంశమున దిగునట, వారు జంకుచున్నారండీ" అని చెప్పిపోయెను. రెండు మాసములలో ఆ వరుడు తన మేనమామ కుమార్తెను పెండ్లాడెను. అతని తల్లియు ఆ యింటికి మేనరికపు కోడలుగా వచ్చినదే.

ఇందు విచారింపదగిన ప్రశ్నలు మూడు. ఈ రోగము నిజముగా వంశమున దిగునదేనా? దిగునదైనచో ఆ కన్యను కాదనుట న్యాయమా? దానిని దాచుమని చెప్పుట మాకు న్యాయమా?

మొదట రోగమెట్టిదో తెలిసికొందము. మన ఆయుర్వేదమున కంపవాతమను పేర వర్ణింపబడిన లక్షణములు దీనితో చాలవరకు పోలియున్నవి. 1817లో లండను వైద్యుడు జేమ్సు పార్కిన్‌సన్ దీనిని గూర్చి యొక చిన్న గ్రంథము ప్రకటించెను. తరువాత ఆయన పేరే దీనికి నిలిచినది. మెదడు నడిమిభాగమున నల్లని రంగు గల యొక చిన్న తావు కలదు. అందలి నాడీకణములు డోపమైన్ అను రసమును పుట్టించును. అవయవములు ఇచ్చకు లోబడి సాఫీగా కదలుట కది యావశ్యకము. ఆ కణములు ఏండ్ల తరబడి నశించి, చాలభాగము పోయిన పిమ్మట గాని వణకు బయటపడదు. కావున ఇది పాపఫలమును గాదు, దయ్యపు చేష్టయు గాదు, బుద్ధి చెడుటయు గాదు.

ఇక వంశము మాట. 1997లో దక్షిణ ఇటలీలోని యొక కుటుంబమునందును కొన్ని గ్రీకు కుటుంబములందును ఆల్ఫా సైన్యూక్లియిన్ అను మాంసకృత్తును నిర్మించు జన్యువున నొక మార్పు కనుగొనబడెను. ఆ యిండ్లలో వ్యాధి తరతరమున తప్పక కనబడుచుండెను. మరుసటి యేట జపాను శాస్త్రజ్ఞులు పార్కిన్ అను జన్యువును కనుగొనిరి. దీని తీరు వేరు. తల్లినుండి వచ్చిన ప్రతియు, తండ్రినుండి వచ్చిన ప్రతియు రెండును చెడినప్పుడే సాధారణముగా వ్యాధి కలుగును. అదియు చిన్నవయస్సుననే కలుగును. 2004లో ఎల్.ఆర్.ఆర్.కె.2 అను జన్యువు బయటపడెను. అందలి యొక మార్పు ఉత్తరాఫ్రికా అరబ్బులలోను కొందరు యూదులలోను విరివిగా నున్నది. మన దేశపు రోగులలో మిక్కిలి అరుదు. అంతేకాక ఆ మార్పు గలవారిలో ననేకులు వార్ధక్యమువరకు ఏ వణకును లేక జీవించుచున్నారు. జి.బి.ఏ. యను జన్యువున మార్పు గలవారికి ప్రమాదము సుమారు ఐదురెట్లని 2009లో పలుదేశముల వైద్యులు కలిసి తేల్చిరి. వారిలోను అధికసంఖ్యాకులకు ఈ రోగము రానే రాదు. 2019 నాటికి ప్రమాదమును ఇంచుకంత పెంచునట్టి చిన్న మార్పులు తొంబది గుర్తింపబడెను. ఆ పరిశోధన ముఖ్యముగా యూరోపు సంతతివారిపై జరిగినది గనుక దాని లెక్కలను మన యిండ్లకు యథాతథముగా నన్వయింపరాదు.

ఈ శాస్త్రమంతయు కొబ్బరితోట గల మనవారికి క్రొత్త గాదు. రైతు మంచి తల్లిచెట్టును ఏరి విత్తనపుకాయలు తీయును. అన్నియు నొకే చెట్టు కాయలే. అయినను నారుమడిలో మొక్కలన్నియు నొక్కరీతిగా లేవవు. పొడుగురకపు కొబ్బరి పరపరాగమున ఫలించును గనుక తండ్రిచెట్టు ఏదో రైతెరుగడు. మరల ఒక్కటే విధమైన మొక్కలు రెండింటిని కాలువగట్టున నొకటి, ఉప్పునేలలో నొకటి నాటినచో వాటి బ్రతుకులు వేరగును. విత్తనమునకు బలము లేదని రైతు అనడు. విత్తనమే సర్వమనియు అనడు. తోటవిషయమున నింత వివేకము గలవారము పెండ్లివిషయమున నేల కోల్పోవుదుము?

లెక్కయు చూతము. అరువదియేండ్లు దాటినవారిలో సుమారు నూటి కొకరికి ఈ వ్యాధి యుండును. తండ్రికో తల్లికో ఉన్నచో బిడ్డకు ప్రమాదము రెండుమూడు రెట్లగునని చెప్పుదురు. మూడురెట్లే యనుకొన్నను నూరుగురు బిడ్డలలో తొంబదియేడుగురు తప్పించుకొందురు గదా! ఆ కాఫీగ్లాసు వణకుటను చూచి వెడలినవారు ఈ తొంబదియేడును చూడలేదు; మూడునే చూచిరి. అంతేకాదు, పారాక్వాట్, రోటినోన్ వంటి పురుగుమందులతోను కలుపుమందులతోను మెలగువారికి ఈ వ్యాధి హెచ్చుగా వచ్చుచున్నట్లు పరిశోధనలు తెలుపుచున్నవి. వియ్యపువారి వంశమును ఏడుతరములు గాలించు గృహస్థుడు తన పొలమున నోటికి గుడ్డయైన కట్టుకొనక మందు చల్లు కూలివానిని గూర్చి యొక్కనాడైన విచారించునా?

వంశశుద్ధిని గూర్చి భయపడి ఆ వరునివారు చేసినదేమి? మేనరికము. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేను బట్టి ఆంధ్రప్రదేశమున సుమారు నాల్గవవంతు వివాహములు రక్తసంబంధుల నడుమనే జరిగినవి. మేనమామను పెండ్లాడిన స్త్రీ బిడ్డయందు, ఏ జన్యువు విషయమునైనను, రెండు ప్రతులును ఒకే పూర్వికుని యొకే ప్రతినుండి దిగివచ్చుటకు ఎనిమిదింట నొకపాలు అవకాశము కలదు. మేనమామ బిడ్డను చేసికొన్నచో పదునారింట నొకపాలు. పార్కిన్ వంటి జన్యువులోపములు రెండు ప్రతులు కలిసినప్పుడే హానిచేయునని పైన జెప్పితిమి. దక్షిణదేశమున చిన్నవయస్సున వ్యాధి పొడసూపిన రోగులలో ఆ జన్యువున లోపములు కనబడియున్నవి. కనబడిన వణకునకు వెరచి కనబడని ప్రమాదమును కౌగిలించుకొనుట వివేకమా? అయినను ఇచ్చట మేము జాగ్రత్తగా మాటాడవలెను. మేనరికపు బిడ్డలందరు రోగులు గారు. ఈ జాతి వ్యాధులు మొత్తముమీద నరుదు. మా మిత్రుని కుమార్తె విషయమున కోరిన న్యాయమునే ఆ వరుని బిడ్డలకును మేము కోరుచున్నాము. అవకాశము తీర్పు గాదు.

కొందరు మాతో నిట్లు వాదింతురు: "రోగముగల కులములను విడువుమని మనుస్మృతి మూడవ అధ్యాయమున లేదా? పెద్దలు వెర్రివారా?" పెద్దలు వెర్రివారు గారు, సంతానమునకు వంశమునుండి కొన్ని రోగములు దిగునని గమనించినవారు. గాని వారికి రెండు ప్రతుల లెక్క తెలియదు. వారు తండ్రివైపు గోత్రమును కఠినముగా విచారించిరి. మేనమామ బిడ్డను పెండ్లాడుట దాక్షిణాత్యుల యాచారమని బౌధాయనుడు పేర్కొనియున్నాడు. ప్రకృతి గోత్రమెరుగదు. బిడ్డకు తల్లినుండి సగము, తండ్రినుండి సగము వచ్చును. మరి సంబంధములు చెడునప్పుడు మాత్రము వంశదోషము కన్యవైపుననే యేల కనబడును? వరుని తండ్రి చేయి వణకినచో "వయస్సు మీదబడినది" అందురు. కన్య తండ్రి చేయి వణకినచో "వంశము చెడినది" అందురు. ఇది శాస్త్రము గాదు, శాస్త్రపు ముసుగు వేసికొన్న పక్షపాతము.

ఇక మా తప్పు. దాచుమని మేమేల చెప్పితిమి? ఆ పిల్లకు మేలు చేయుదమని. ఫలమేమి? మేము దాచినందువలననే అది దోషమయ్యెను. బాహాటముగా చెప్పినచో అది యొక వృద్ధుని యనారోగ్యము. ఉత్తరీయము క్రింద దాచినచో ఇంటి రహస్యము. మోసపోతిమని తలచినవారు నూటికి మూడును నూటికి నూరుగా లెక్కించుట సహజము. జీవితమును పంచుకొనబోవువారికి తెలిసినంత సత్యము తెలుపవలెను. ఇది కన్యవారికెట్లో వరునివారికినట్లే. అంతమాత్రమున "మీ పిల్లకు జన్యుపరీక్ష చేయించి పత్రము తెండు" అని యడుగు అధికార మెవరికిని లేదు. రాబోవు వ్యాధిని ముందుగా నాపు మందు నేటికిని లేదు. అట్టియెడ తన రక్తములోని వ్రాతను చదివించుకొనుటయో మానుటయో ఆ వ్యక్తి, వైద్యుని సలహాతో, తానే నిర్ణయించుకొనవలెను. రక్తపరీక్ష పత్రము జాతకమునకు బదులుగా వచ్చిన క్రొత్త జాతకము కారాదు.

దాచుటవలన మరియొక కీడు కలదు: రోగికి వైద్యము తప్పును. మన పొలముగట్ల పెరుగు దూలగొండి గింజలనుండి లెవోడోపాను 1937లో మద్రాసున దామోదరన్, రామస్వామి యను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. మూడు దశాబ్దముల పిమ్మట అదే పదార్థము ఈ వ్యాధికి ముఖ్యమైన మందయ్యెను. అది రోగమును తుదముట్టింపదు గాని బిగిసిన అవయవములను కదలించును. ఇంట గింజలు నూరి తినుట గాక, వైద్యుడు నిర్ణయించిన మోతాదున పుచ్చుకొనవలెను. దినదినము వ్యాయామమును మేలుచేయును. దొడ్డిగదిలో కూర్చుండబెట్టబడిన రోగికి ఇవన్నియు నెట్లు లభించును?

నిరుడు రెండవ కుమార్తెను చూచుటకు వేరొకరు వచ్చిరి. ఈమారు మేము సలహా చెప్పుటకు సాహసింపలేదు. మిత్రులు తామే దొడ్డివైపునకు పోబోవగా ఆ పిల్ల అడ్డము వచ్చి, "నాన్నగారూ, మీరు సావడిలో కూర్చున్నగాని నేను బయటికి రాను" అనెను. వారు కూర్చుండిరి. గ్లాసు వణకెను. "నాకు పార్కిన్‌సన్ వ్యాధియండీ, నాలుగేండ్లాయెను" అని వారే చెప్పిరి. వరుని తల్లి లేచి వచ్చి, గ్లాసును సగము ఖాళీచేసి మరల వారి చేతికిచ్చెను. ఆ సంబంధము కుదురునో కుదురదో యీ పంక్తులు వ్రాయునాటికి తేలలేదు. కుదరకపోయినను ఆ యింట మరల నెవరును ఉత్తరీయము మాటున చేయి దాచుకొనరు.